వెనక్కి తిప్పిన చుట్టు

తొమ్మిదో కాయిలు కూడా తక్కువొచ్చింది.

మీటరాయన దాన్ని పరీక్ష బల్ల మీదున్న ఇనుప దిమ్మకి తొడిగాడు. రెండు కొసలకీ క్లిప్పులు తగిలించి, బొత్తాం నొక్కి, అంకె చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. 1236. ఉండాల్సింది 1240. కళ్ళజోడు తుడిచినంత మాత్రాన నాలుగు చుట్లు పెరగవు కదా! కాయిలుకి కట్టిన అట్టముక్క తిప్పి చూశాడు. చూడక ముందే తెలుసు. నంబరు నాలుగు.

నాలుగో మిషను వదినది.

ఆ షెడ్డులో ట్రాన్స్‌ఫార్మర్లకీ, మోటార్లకీ కాయిళ్ళు చుడతారు. పూత పూసిన సన్నటి రాగితీగని అచ్చు మీద పొరలు పొరలుగా చుట్టడం, పొరకీ పొరకీ మధ్య కాగితం వేయడం, కొసలు గుడ్డపట్టీతో కట్టడం, వార్నిష్‌లో ముంచడం, పొయ్యిలో పెట్టి ఆరబెట్టడం. చుట్ట పీల్చేవాళ్ళకి అది కాలితేనే సుఖం. చుట్ట చుట్టేవాళ్ళకి అది కాలిందంటే కొలువే పొగ. అంచేత ప్రతి కాయిలూ వార్నిష్ తొట్టికి పోయే ముందు మీటరాయన బల్ల మీదికి రావలసిందే. ఒక్క చుట్టు ఎక్కువైనా, తక్కువైనా ఆయన ఎర్రదారం కట్టి పక్కన పడేస్తాడు. పడేసినదాన్ని మొత్తం విప్పి తుక్కులో వేయాలే తప్ప అతుకేసి సరిపెట్టడం ఆ షెడ్డులో లేదు.

ఆయనది అనుమానించడానికే జీతమిచ్చే ఉద్యోగం. పొద్దున్నే బల్ల ముందు కూర్చుని 'ఓమ్' అనే మొదలుపెట్టేవాడు; భక్తితో కాదు, ఓమ్ మీటరుతో. ఇంటికెళ్ళినా ఆ ఉద్యోగం ఒంటి మీంచి దిగేది కాదు. గోడ గడియారాన్ని చేతి గడియారంతో, చేతి గడియారాన్ని పక్కింటివాళ్ళ గడియారంతో సరిచూసుకునేవాడు. మూడూ ఒకే టైము చూపిస్తే, మూడూ కలిసి తన మీద కుట్ర పన్నాయేమోనని కాసేపు ఆలోచించేవాడు.

వదిన అంటే ఆయన భార్యకి సొంత అక్క. షెడ్డులో అందరికన్నా పాత చెయ్యి. సగం మంది ఆమె పక్కన నిలబడి చుట్టడం నేర్చుకున్నవాళ్ళే. చుట్టలక్క కావలసిన మనిషి ఆ వరస పిలుపులతో చుట్టాలక్క అయికూర్చుంది. ఆమె చుట్టిన చుట్లకి లెక్కలేదని ఇన్నాళ్ళూ మెచ్చుకోలుగా అనేవాళ్ళు. ఇప్పుడు నిజంగానే లెక్కలేకుండా పోయింది.

"ఎన్నోది?" అన్నాడు మేస్త్రి, వెనకనించి వచ్చి.

"తొమ్మిది. అన్నీ నాలుగో మిషనువే."

"ఎంతెంత తక్కువ?"

"కొన్ని రెండు, కొన్ని నాలుగు. ఒకటైతే ఎనిమిది."

మేస్త్రి ఎర్రదారాల కుప్పకేసి చూసి నిట్టూర్చాడు. "వయసు, మీటరాయనా. శుక్రవారం తనిఖీకి అయ్యగారొస్తారు. ఆవిణ్ణి మిషను మీంచి దింపి కాగితాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెడతా. నీకు చుట్టమని మొహమాటపడితే నా కొంప మునుగుతుంది."

"వయసుకేం సంబంధం మేస్త్రి గారూ? లెక్కపెట్టేది ఆవిడ కాదు, డబ్బా. 1240 అని ఎర్రంకెలు వెలగ్గానే పెడల్ మీంచి కాలు తీసెయ్యాలి. దానికి కళ్ళుంటే చాలు."

ఎర్రంకెల డబ్బాలు పదిరోజుల కిందటే వచ్చాయి. అంతకు ముందు ఒక్కో మిషనుకీ పళ్ళచక్రాలతో తిరిగే పాత లెక్కపెట్టె ఉండేది. అరిగిపోయాయని ఎనిమిదింటినీ పీకేసి కొత్తవి బిగించారు. వాటిని పరీక్షించింది మీటరాయనే. ఒక్కో మిషనునీ వంద చుట్లు తిప్పాడు, ఒక్కో డబ్బా వందే చూపించింది, ఎనిమిది సంతకాలు పెట్టాడు.

"మరైతే?" అన్నాడు మేస్త్రి.

డబ్బా మంచిదే, చెయ్యి మంచిదే, చుట్టు మాత్రం తక్కువ. అంటే బుద్ధిపూర్వకంగా జరుగుతున్న పని. కొత్త డబ్బాలు బిగించిన రోజున వదిన అన్న మాట మీటరాయనకి గుర్తొచ్చింది. 'పాతదైతే కిర్రుకిర్రుమని మాట్లాడేది, ఇది గుడ్లురిమి చూస్తోంది.' డబ్బాని బద్నాం చేసి, పాతదాన్ని వెనక్కి తెప్పించుకోవాలని ఆవిడే ఏదో చేస్తోందేమో!

"చూస్తా" అన్నాడు. ఆయన చూస్తానంటే సాయం చేస్తానని కాదు, కనిపెడతానని.

బుధవారం పొద్దుట మీటరాయన పరీక్ష బల్లని జానెడు పక్కకి జరిపించుకున్నాడు. వెలుతురు పడటం లేదని వంక పెట్టాడు గాని, అక్కణ్ణించి నాలుగో మిషను సూటిగా కనబడుతుంది.

వదిన పని మొదలుపెట్టింది. రీలు నించి వచ్చే తీగ ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకున్న ఉన్ని గుడ్డలోంచి జారుతోంది. కుడికాలు పెడల్ మీద. అచ్చు తిరుగుతోంది. తీగ పక్కన తీగ, ఒరుసుకుంటూ, కిక్కురుమనకుండా, బడిపిల్లల వరసలాగా సర్దుకుంటోంది. పొర నిండగానే ఆపింది. కాగితం చుట్టి, అంచు నాలుకతో తడిపినంత సుతారంగా జిగురు రాసి, మళ్ళీ పెడల్ నొక్కింది. ఒకచోట తీగ జారి పక్కతీగ మీదికెక్కింది. ఆమె చప్పున కాలు తీసేసి, అచ్చుని చేత్తో ఒక్క చుట్టు వెనక్కి తిప్పి, వదులు లాగి, తీగని దాని చోట్లో పడుకోబెట్టి, మళ్ళీ ముందుకి నడిపింది.

పక్కన అయిదో మిషను బుల్లెట్‌ది. ఆ పేరు వేగానికి వచ్చింది. తీగ తీగ మీదికెక్కితే అతను ఆగడు. చెక్కపుల్లతో నెత్తిన ఒకటి మొట్టి, పోనిస్తాడు. అతని కాయిలు ఎత్తుపల్లాల రోడ్డులా ఉంటుంది. కానీ పరీక్ష బల్ల మీద పెడితే 1240కి 1240. మీటరు చుట్లు లెక్కపెడుతుంది, చుట్టిన తీరు లెక్కచేయదు.

"అక్కా, నేను రోజుకి పదకొండు. మీరు ఆరు. అందులో ఎర్రదారాలు మూడు" అన్నాడు బుల్లెట్ టీ తాగుతూ. "రాఖీలు కడుతున్నాడా ఏంటి మీ మరిది?"

"వాడు కట్టినవి నేను విప్పుకుంటా. నువ్వు కట్టినవి విప్పాలంటే గునపం కావాలి" అంది వదిన.

అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది గాని, నవ్వుతూనే మీటరాయన వైపు ఒక చూపు విసిరి తల దించుకుంది. ఆ చూపు ఆయనకి నచ్చలేదు. తప్పు చేసినవాళ్ళే అలా ఓరగా చూస్తారని ఆయన నమ్మకం. తప్పు చేయనివాళ్ళు సూటిగా చూస్తే అది తెగింపు అనేవాడనుకోండి, అది వేరే సంగతి.

టీ తర్వాత ఆయన ఇంకో రెండు సంగతులు కనిపెట్టాడు. ఒకటి, మిషను నడుస్తున్నంతసేపూ వదిన పెదాలు కదులుతున్నాయి. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. రెండు, అప్పుడప్పుడూ వంగి, మిషను కాలి మీద సుద్దముక్కతో గీత గీస్తోంది. మీటరాయన ఉండబట్టలేక లేచి అటు నడిచాడు. ఆమె చటుక్కున చేతిగుడ్డతో ఆ గీతలన్నీ తుడిచేసింది.

"ఏంటి వదినా అది?"

"ఏది?"

"గీతలు."

"దుమ్ము."

"దుమ్ము అంత తిన్నగా పడుతుందా?"

"నీ బుర్రలో పడ్డంత వంకరగా పడదులే మరిదీ. పోయి నీ పని చూసుకో."

ఆయన వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఆరోజు నాలుగో మిషను నించి ఇంకో రెండు వచ్చాయి, 1234 ఒకటి, 1238 ఒకటి. పదకొండు అట్టముక్కలూ వరసగా పేర్చి చూశాడు. రెండు, నాలుగు, నాలుగు, ఆరు, రెండు, ఎనిమిది. తప్పులన్నీ సరిసంఖ్యలే! ఒక్క బేసి తప్పూ లేదు. చేతకాక తప్పేవాళ్ళకి మూడూ రావాలి, అయిదూ రావాలి. జతలు జతలుగా తప్పాలంటే లోపల ఏదో పథకం ఉండాలి.

సాయంత్రం ఇంట్లో భార్య కూరలు తరుగుతూ, తలెత్తకుండా అడిగింది.

"మా అక్కని దొంగని చూసినట్టు చూస్తున్నారటగా?"

"ఎవరు చెప్పారు?"

"చెప్పేవాళ్ళు చెబుతారు. నిజమా కాదా?"

"నేను ఎవర్నీ ఏమీ అనలేదు."

"మీరు అనరు. అనుమానిస్తారు. అనేస్తే పోనీ తిరిగి అనొచ్చు." కత్తిపీట చప్పుడు జోరందుకుంది. "పెళ్ళికొచ్చిన పన్నెండు స్టీలు గిన్నెలూ తట్టి తట్టి శబ్దం చూసిన మనిషి మీరు. అప్పుడే అర్థమవ్వాల్సింది నాకు."

"అందులో ఒకటి పగిలిందే ఉంది."

"పదకొండు బాగున్నాయి. అది మాత్రం ఎప్పుడూ చెప్పరు."

గురువారం మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే షెడ్డు ఖాళీ అయింది. అందరూ డబ్బాలు పట్టుకుని బయట రేకుల నీడకి పోయారు. మీటరాయన డబ్బా తెరవలేదు. పిల్లిలా నడిచి వచ్చి నాలుగో మిషను ముందు కూర్చున్నాడు.

ముందు ఎర్రంకెల డబ్బా వెనక వైర్లు చూశాడు. ఎవరూ కదిపిన జాడ లేదు. ఇరుసు చివర అతికించిన చిన్న అయస్కాంతం ఉన్నచోటే ఉంది. దాని ఎదురుగా బటాణీగింజంత కన్ను. అయస్కాంతం కన్ను ముందు నించి వెళ్ళినప్పుడల్లా డబ్బా ఒకటి కలుపుకుంటుంది. పెడల్ మెల్లిగా నొక్కి చూశాడు. ఒకటి, రెండు, మూడు, పది. పది చుట్లకి పది. బాగానే ఉంది. ఇంకో పది వేద్దామని వంగేసరికి, ఆయన పొడుగుచేతుల చొక్కా మణికట్టు అంచు పోయి తీగకీ అచ్చుకీ మధ్య ఇరుక్కుంది.

లాగాడు. రాలేదు. గట్టిగా లాగితే తీగ తెగుతుంది, తెగితే ఇక్కడేం చేస్తున్నావని అడుగుతారు. బొత్తాం ఊడదీద్దామంటే రెండో చేత్తో అచ్చు పట్టుకుని ఉన్నాడు. దొంగని పట్టడానికొచ్చి తానే పట్టుబడ్డాడు, అదీ సొంత చొక్కాకి. చివరికి అచ్చుని మెల్లిగా వెనక్కి తిప్పాడు. ఒక చుట్టు. రెండు. మణికట్టు బయటపడింది.

ఊపిరి పీల్చుకుని తలెత్తితే డబ్బాలో 12 వెలుగుతోంది.

మీటరాయన చెయ్యి అచ్చు మీదే ఆగిపోయింది. పది చుట్టాడు, రెండు విప్పాడు. అచ్చు మీద ఉన్నవి ఎనిమిది. డబ్బా పన్నెండంటోంది.

మళ్ళీ ఒక చుట్టు వెనక్కి తిప్పాడు. 13. ముందుకి తిప్పాడు. 14.

అయస్కాంతం ముందుకెళ్ళినా, వెనక్కెళ్ళినా ఆ కంటికి ఒకటే. తన ముందు నించి పోయిందా లేదా, అంతే దానికి కావలసింది. పాత పళ్ళచక్రాల పెట్టె అలా కాదు. వెనక్కి తిప్పితే అదీ వెనక్కి తిరిగేది. తీగ జారినప్పుడల్లా వదిన ఒక చుట్టు వెనక్కి వేసి, సర్ది, ముందుకి పోతుంది. విప్పినందుకొకటి, చుట్టినందుకొకటి, డబ్బా లేని రెండు చుట్లు కలిపేసుకుంటుంది. ఒకసారి సర్దితే రెండు తక్కువ. రెండుసార్లయితే నాలుగు. నాలుగుసార్లయితే ఎనిమిది. జాగ్రత్తగా చుట్టినకొద్దీ తప్పవుతుంది. మొట్టి పోనిచ్చే బుల్లెట్ ఎప్పటికీ తప్పడు.

ఎనిమిది డబ్బాలని వందేసి చుట్లు తిప్పాడు తను. అన్నీ ముందుకే. లోకంలో అందరినీ అనుమానించినవాడు తన సంతకాన్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు.

"ఏం దొరికింది?" మేస్త్రి గుమ్మంలో నిలబడి పళ్ళు కుట్టుకుంటున్నాడు.

మీటరాయన లేచి నిలబడ్డాడు. నాలుక మీద మాట తయారుగానే ఉంది. బయటికి మాత్రం ఇంకోటి వచ్చింది.

"ఏమీ లేదు."

"నే చెప్పలా? వయసే."

ఆ మధ్యాహ్నం ఆయన చేతులు పరీక్ష బల్ల మీద వాటంతటవే పనిచేశాయి. చెబితే ఏమవుతుంది? పదకొండు కాయిళ్ళ రాగి తుక్కయింది తన వల్లేనని తేలుతుంది. పరీక్షించేవాడికే పరీక్ష చేతకాదంటారు. చెప్పకపోతే? ఆవిడ కాగితాల బల్ల దగ్గర కూర్చుంటుంది, నీడపట్టున. జీతం అంతే. ఒక విధంగా విశ్రాంతి. ఇలా నచ్చజెప్పుకుంటూ నాలుగో మిషను నించి వచ్చిన కాయిలుకి ఎర్రదారం కట్టాడు. ముడి రెండుసార్లు జారింది.

ఇంటికొచ్చేసరికి భార్య చెప్పులేసుకుని సంచీ సర్దుకుంటోంది.

"ఎక్కడికి?"

"రేపు సాయంత్రం అక్కతో ఆసుపత్రికెళ్ళాలి. చీటీ ఇవాళే తీసుకోవాలట."

"ఏమైంది?"

"తల పరీక్ష." ఆమె గొంతు మామూలుగానే ఉంది, అందుకే ఆయనకి భయమేసింది. "మిషను మీద నోట్లో లెక్కపెట్టుకుంటోందిట. సుద్దతో వందకో గీత కూడా గీసుకుంటోందిట. అయినా తన లెక్క ఒకటి, డబ్బా లెక్క ఇంకోటి. తనకి పన్నెండు వందల ముప్ఫై ఆరు వచ్చేసరికి డబ్బా నలభై అంటోందిట. 'డబ్బాని పరీక్ష చేసింది నా మరిది, వాడు చూశాడంటే తిరుగుండదు, కాబట్టి నాకే మతి తప్పుతోంది' అంది." సంచీ భుజానికి తగిలించుకుంది. "మీ మీద అంత నమ్మకం అక్కకి. ఏం చూసో మరి."

తలుపు మూసుకుంది. మీటరాయన గోడ గడియారం వైపు చూశాడు. చేతి గడియారంతో సరిచూసుకోవాలనిపించలేదు.

శుక్రవారం పొద్దున్న ఆయన షెడ్డుకి అందరికన్నా ముందొచ్చాడు. వదిన వచ్చేసరికి ఆమె సుద్దముక్క, ఉన్నిగుడ్డ, కత్తెర అప్పటికే కాగితాల బల్ల మీద ఉన్నాయి. మేస్త్రి పని చురుకైనది. ఆమె కత్తెర తీసుకుని కాగితం మడత మీద గీత పెట్టుకుంది.

"మేస్త్రి గారూ, అందర్నీ ఒకసారి నాలుగో మిషను దగ్గరికి పిలవండి" అన్నాడు మీటరాయన.

"పనివేళ..."

"పిలవండి."

వచ్చారు. బుల్లెట్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మీటరాయన గొంతు సవరించుకోబోయి, అది ఇంకా ఆలస్యం చేసే ఎత్తని తనకే తోచి మానుకున్నాడు. డబ్బాని సున్నాకి తెచ్చాడు. ముందుకి పది తిప్పాడు. వెనక్కి అయిదు తిప్పాడు.

"ఎంతుండాలి?"

"అయిదు" అన్నారెవరో.

డబ్బాలో 15 వెలుగుతోంది.

బుల్లెట్ కట్టుకున్న చేతులు వదిలేశాడు. మెల్లిగా, "అంటే అక్క సర్దినప్పుడల్లా..." అని ఆగిపోయాడు.

"ఊఁ. నేను ముందుకి తిప్పి చూసి సంతకం పెట్టాను. వెనక్కి తిప్పి చూడలేదు. నిన్న మధ్యాహ్నమే తెలిసింది. మేస్త్రి గారు అడిగితే ఏమీ లేదన్నాను."

మేస్త్రి మొహం ఎర్రంకెల రంగులోకి మారింది. "అయ్యగారు పదింటికొస్తారు! ఇప్పుడు డబ్బాలన్నీ మార్చాలంటే మాటలా? సరే, ఒక పని చేద్దాం. ఇక మీదట ఎవరూ వెనక్కి తిప్పొద్దు. అక్కా, మీరు కూడా పుల్లతో..."

"మొట్టాలా?" అంది వదిన. కాగితాల బల్ల దగ్గరనించి ఆమె ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. "తీగ మీద తీగెక్కి నలిగితే పూత లేస్తుంది. పూత లేచింది మీ మీటరుకి ఇవాళ తెలీదు, కరెంటుకి రేపు తెలుస్తుంది. డబ్బాకి వెనక్కి తిరగడం రాదని నన్ను మానుకోమంటారా?"

ఆమె మరిదివైపు చూడలేదు. స్టూలు మీద కూర్చుని, గుడ్డపట్టీ ముక్క ఒకటి చింపి డబ్బా ఎర్రకళ్ళకి గంతలు కట్టింది. కొత్త అచ్చు బిగించి తీగ కొస కట్టింది. పెడల్ నొక్కింది. ఈసారి పెదాలు కదపలేదు, పైకే లెక్కపెట్టింది. వందకోసారి సుద్దగీత, తుడవకుండా. మేస్త్రి వాచీ చూసుకుంటూ రెండుసార్లు బయటికి పోయి వచ్చాడు. ఏడువందల దగ్గర తీగ జారితే వెనక్కి వేసి, సర్ది, "ఏడువందల పన్నెండు మళ్ళీ" అని ముందుకి పోయింది. ఆ మధ్యలో ఎప్పుడో మీటరాయన ఒక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, "వదినా, ఆసుపత్రి..." అన్నాడు. ఆమె ఎడమచెయ్యి ఎత్తి ఆపింది. ఆయన గ్లాసు కింద పెట్టి నిలబడ్డాడు.

పన్నెండు గీతలు, పైన నలభై. తీగ తెంపి, కొస కట్టి, అచ్చు మీంచి జార్చి, కాయిలుని ఆయన బల్ల మీద పెట్టింది. అద్దంలా ఉంది.

మీటరాయన దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. ఇనుప దిమ్మకి తొడగలేదు. కలం తీసి అట్టముక్క మీద 1240 అని రాశాడు.

"ఏంటది?" అంది వదిన.

"అక్కర్లేదు వదినా. నీ లెక్క మీద నాకు నమ్మకం."

"చూడకుండా రాయడమేగా నీ జబ్బు! తొడుగు."

తొడిగాడు. క్లిప్పులు తగిలించాడు. వెనక పదిమంది తలలు వంగాయి. బొత్తాం నొక్కాడు.

1239.

మేస్త్రి గొంతులోంచి, తెలియకుండానే కాబోలు, చిన్న శబ్దం వచ్చింది. మీటరాయన కళ్ళజోడు తీయబోయాడు. వదిన ఆయన చేతి మీద ఒక్క దెబ్బ వేసింది.

"తుడవక్కర్లేదు. ఒకటి తక్కువ." ఆమె వంగి అంకెని దగ్గరగా చూసింది. పదిరోజుల్లో మొదటిసారి ఆమె మొహం తేటగా ఉంది. "నువ్వు నీళ్ళు తెచ్చినప్పుడు పోయుంటుంది. ఇది నాది. ఎర్రదారం కట్టు."

"వదినా, ఒక్క చుట్టే..."

"కట్టమన్నానా?"

కట్టాడు. ఆమె కాయిలు తీసుకుని మిషను దగ్గరికెళ్ళి, కత్తెరతో పట్టీ తెంపి, 1239 చుట్లూ విప్పడం మొదలుపెట్టింది. రాగితీగ ఆమె ఒడిలో ఉంగరాలు ఉంగరాలుగా పడుతోంది.

మీటరాయన గోడవారనున్న ఎర్రదారాల కాయిళ్ళని ఒక్కొక్కటే బల్ల మీదికి ఎక్కించాడు. మొత్తం పన్నెండు. అట్టముక్క మీద చుట్టినవారి నంబరుకే గడి ఉంది, పరీక్షించినవాడికి లేదు. మొదటిదాని మీద నాలుగు కొట్టేసి, ఆ ఇరుకు గడిలో తన పేరు పూర్తిగా, అక్షరం అక్షరం రాశాడు.

"అయ్యగారు చూస్తారు. అంత పెద్దగా రాయాలా?" అన్నాడు మేస్త్రి.

మీటరాయన రెండో అట్టముక్క అందుకున్నాడు. వెనకనించి కొత్త అచ్చు బిగించిన చప్పుడు, ఆ వెంటనే వదిన గొంతు, షెడ్డు మొత్తానికీ వినబడేలా.

"ఈసారి మాత్రం నన్నెవరూ పలకరించకండి."